వేల్సువారి కళాభాండారము

శిల్పి చెక్కిన విగ్రహము శిల్పి మరణించిన పిదపను నిలిచియుండును. చిత్రకారుడు వ్రాసిన పటము గోడపై వ్రేలాడుచు తరువాతి తరములవారికిని కన్నులపండువు గావించును. గాయకుని గానము అట్టిది కాదు. అది కంఠమునుండి వెలువడిన క్షణముననే గాలిలో కలిసిపోవును. నటుని అభినయము తెర వ్రాలినతోడనే ముగియును. మఱునాడు అదే నటుడు అదే వేషమును ధరించినను అది నిన్నటి నాటకము కాదు. ఇట్టి క్షణికములైన కళలను ఒక జాతి తన బిడ్డలకు ఎట్లు అందింపగలదు? విగ్రహములును పటములును సైతము, వానిని చేసినవారెవరో, ఏల చేసిరో తెలియనినాడు మూగవస్తువులే కదా! వేల్సు దేశీయులు ఈ చిక్కును ఎట్లు ఎదుర్కొనిరో ఈ పాఠమున తెలిసికొందము.

బ్రిటను ద్వీపమునకు పడమటి వైపున సముద్రమును ఆనుకొనియున్న చిన్న దేశము వేల్సు. అది యునైటెడ్ కింగ్‌డమ్ అను రాజ్యములో ఒక భాగము. జనసంఖ్య సుమారు 31 లక్షలు. ఒకప్పుడు ఆ దేశము బొగ్గుగనులకును, పలకరాతి గనులకును ప్రసిద్ధి కెక్కినది. అచ్చటివారు తమ నాడును ‘కమ్రి’ అని పిలుచుకొందురు. వారి భాష ఇంగ్లీషునకు మాండలికము కాదు. ఇంగ్లీషు ఆ ద్వీపమున అడుగిడుటకు పూర్వమే అచ్చట వాడుకలోనున్న కెల్టిక్ భాషనుండి అది పుట్టినది. 1901 జనాభా లెక్కలనాటికి వేల్సులో ఇంచుమించు సగముమంది ఆ భాషను మాటాడుచుండిరి. 2021 లెక్కలలో వారు నూటికి 18 మందికంటె తక్కువ. మాటాడువారు తగ్గుచున్న భాషకు దాని పాత పాటయు, పాత నాటకమును ఎంత విలువగలవో ఊహింపవచ్చును. ఒక్క తరము ఏమఱినచో, తరువాతి తరమువారికి అడిగి తెలిసికొనుటకైనను మనుష్యులు మిగులరు.

వేల్సువారికి గానమునందును కవిత్వమునందును ప్రీతి మెండు. 1176వ సంవత్సరమున రీస్ అను ప్రభువు కార్డిగన్ కోటలో ఒక గొప్ప సభ చేసెను. కవులకు ఒక పోటీ, వాద్యగాండ్రకు మఱొక పోటీ ఏర్పఱచి, గెలిచినవారికి గౌరవపీఠములను బహూకరించెను. ‘ఐస్టెద్‌వొడ్’ అను పేర నేటికిని ఏటేట జరుగుచున్న వేల్సు కళోత్సవమునకు ఈ సభయే ఆద్యమని చెప్పుదురు. నాటి వృత్తాంతమును ఆ దేశపు పురాతన చరిత్రగ్రంథము వ్రాసియుంచినది. వాద్యమున గెలిచినవాడు రీస్ ప్రభువు ఆస్థానమునకే చెందిన యువకుడట. కాని అతడు వాయించిన బాణీ ఎట్టిదో ఆ గ్రంథము చెప్పలేదు, చెప్పజాలదు. పీఠము సంగతి నిలిచినది, పాట పోయినది. వ్రాతలో ఏది నిలుచునో, ఏది జాఱిపోవునో ఈ ఒక్క ఉదాహరణమే తెలుపుచున్నది.

అట్లు జాఱిపోవుదానిని వీలైనంతవఱకు పట్టి నిలుపు స్థలమే పత్రభాండాగారము. గ్రంథాలయమునకును దీనికిని భేదము కలదు. అచ్చుపుస్తకము చిరిగిపోయినచో వేఱొక ప్రతి ఎచ్చటనైన దొరకవచ్చును. సంగీతకర్త తన చేతితో వ్రాసిన స్వరముల కాగితము, చిత్రకారుడు మిత్రునకు వ్రాసిన ఉత్తరము, నాటకసమాజమువారి లెక్కల చిట్టా ఒక్కొక్కటియే యుండును. అది పోయినచో లోకమున దానికి మాఱులేదు. అందుచేత భాండాగారపాలకులు ఒక నియమమును పాటింతురు. ఒకరివద్దనుండి వచ్చిన పత్రములను ఒక్కచోటనే, అవి ఉండిన వరుసలోనే ఉంచుదురు. ఒక ఉత్తరము ప్రక్కనున్న ఇంకొక ఉత్తరమువలననే దాని భావము తెలియుటయు కలదు. పిదప ఏ పెట్టెలో ఏమున్నదో పట్టిక వ్రాయుదురు. పట్టిక లేని భాండాగారము తాళపుచెవి పోయిన పెట్టె వంటిది.

వేల్సులో ఇట్టి సంస్థలలో ప్రధానమైనది జాతీయ గ్రంథాలయము. 1907లో రాజశాసనముచే స్థాపింపబడి, 1909లో పని ప్రారంభించిన ఈ సంస్థ అబరిస్ట్‌విత్ అను సముద్రతీర పట్టణమున కొండపై వెలసియున్నది. దీని స్థాపనకు సర్ జాన్ విలియమ్సు అను వైద్యుడు మిక్కిలి పాటుపడెను. ఆయన విక్టోరియా రాణికి వైద్యుడై పేరుగాంచినవాడు. తాను చిరకాలము సేకరించిన ప్రాచీన లిఖితప్రతులను ఆ గ్రంథాలయమునకు ఒసగెను. అందు ‘పెన్యార్త్’ ప్రతులు అనబడునవి తలమానికములు.

ఈ ప్రతులు మన కాలమువఱకు వచ్చిన కథ వినదగినది. 17వ శతాబ్దమున గెల్లిలవ్‌డి అను చోట జాన్ జోన్సు అను పెద్దమనుష్యుడుండెను. పాత గ్రంథములకు ప్రతులు వ్రాయుట అతని వ్యసనము. అతని దస్తూరి ముత్యములకోవ వంటిది. అతడు అప్పులపాలై లండనులోని ఫ్లీట్ చెఱసాలలో ఏండ్ల తరబడి బందీయై యుండవలసివచ్చెను. ఐనను కలమును విడువలేదు. చెఱసాలగోడల నడుమ కూర్చుండియే గ్రంథములకు ప్రతులు వ్రాసెను. అతని మరణానంతరము ఆ సంపుటములు రాబర్ట్ వాహన్ అను గ్రంథసంగ్రాహకుని చేరెను. అచ్చటినుండి పెన్యార్త్ భవనమునకును, తుదకు జాన్ విలియమ్సునకును, ఆయనవలన దేశమునకును సంక్రమించెను. వేల్సు భాషలో 1600 ప్రాంతమున వ్రాయబడిన ‘ట్రోయిలస్ ఆ క్రెసిద్’ అను విషాదాంత నాటకము ఈ పెన్యార్త్ ప్రతులలోనిదే. దానిని రచించినవాని పేరు తెలియదు. నాటకకర్త పేరు మాసిపోయినను నాటకము దక్కినది.

ఇక సంగీతము మాట. వేల్సువారి కులవాద్యము హార్పు. నిలువుచట్రమునకు తంత్రులు బిగించి, రెండుచేతుల వ్రేళ్లతో మీటి వాయించు వాద్యమది. మధ్యయుగమున హార్పు విద్వాంసులు గురుముఖముననే విద్య నేర్చుచుండిరి. శిష్యుడు విని, వాయించి, మనస్సున నిలుపుకొనవలసినదే. 1613 ప్రాంతమున ఆంగ్లసీ ద్వీపవాసియగు రాబర్ట్ అప్ హ్యూ అను హార్పు విద్వాంసుడు ఈ పద్ధతికి భిన్నముగ ఒక పని చేసెను. తనకు రెండు శతాబ్దములు ముందునుండి వచ్చుచున్న వాద్యకృతులను అక్షరముల సంకేతములతో ఒక పుస్తకమున వ్రాసెను. స్వరమునకు ఒక అక్షరము. ఎడమచేయి ఏమి మీటవలెనో, కుడిచేయి ఏమి మీటవలెనో వేఱువేఱు వరుసలు. ఆ సంగీతమున 24 ప్రసిద్ధములైన కొలతలు కలవు. ఒక్కొక్క కొలతను 1, 0 అను రెండు గుర్తుల వరుసతో సూచించిరి. ఒకటి ఒక స్వరసమూహమును, సున్న మఱొక స్వరసమూహమును తెలుపును.

కొలదికాలములోనే ఆ పాత సంప్రదాయము అడుగంటెను. వాయించువారు పోయిరి, పుస్తకము మిగిలెను. అది చేతులు మాఱి, 18వ శతాబ్దమున లూయీ మారిస్ అను పండితునియొద్ద నుండి, నేడు లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున నున్నది. అందలి అక్షరములను చదువుట పండితులకు సాధ్యమైనది. కాని వేగమెంత? ఏ స్వరముపై ఎంతసేపు నిలువవలెను? తంత్రులను ఎట్లు శ్రుతి చేయవలెను? ఈ విషయములందు పండితులలో ఏకాభిప్రాయము లేదు. గురువు నోటితో చెప్పెడి మాట పుస్తకమున లేకపోవుటయే ఇందుకు కారణము. ఐనను పుస్తకమే లేకున్నచో వాదించుకొనుటకైనను ఏమియు మిగిలియుండెడిది కాదు. నేడు కొందఱు వైణికులవలె శ్రద్ధగల హార్పు వాదకులు, ఆ పుటలను ముందుంచుకొని, ఆ పాత నాదమును మరల పలికింప యత్నించుచున్నారు.

వేల్సు జాతీయగీతపు కథ ఇంకను స్పష్టముగ తెలియుచున్నది. 1856 జనవరిలో పాంటిప్రీద్ అను ఊరిలో ఇవాన్ జేమ్సు అను నేతపనివాడు పదములు కూర్చెను. ఆయన కుమారుడు జేమ్సు జేమ్సు బాణీ కట్టెను. కుమారుడు హార్పు వాయించువాడు. మొదట ఆ పాటకు ‘రోండా నదీతీరము’ అను అర్థమిచ్చు పేరు పెట్టిరి. కుమారుడు స్వహస్తముతో వ్రాసిన ప్రతి జాతీయ గ్రంథాలయమున భద్రముగ నున్నది. 1858లో లాంగొలెన్ పట్టణమున జరిగిన ఐస్టెద్‌వొడ్‌లో, అచ్చుకాని వేల్సు పాటల సంగ్రహమునకు పోటీ పెట్టిరి. ఒకరు పంపిన సంగ్రహమున ఈ పాటయు చేరినది. న్యాయనిర్ణేత దాని సొగసును గ్రహించి, 1860లో తాను వెలువరించిన గ్రంథమున దానిని అచ్చు వేసెను. పాట ఊరిపొలిమేర దాటి దేశమంతట వ్యాపించెను. ఒక పోటీకై ఎవరో ఓపికతో పాటలు కూర్చి వ్రాసి పంపుటవలన ఎంతటి మేలు కలిగినదో చూడుడు.

1899 మార్చి 11వ తేదీన లండనులో మాడ్జ్ బ్రీస్ అను గాయని ఈ గీతమును గ్రామఫోను పళ్లెముపై పాడెను. వేల్సు భాషలో మనకు తెలిసిన మొదటి ధ్వనిముద్రణము ఇదియే. పళ్లెమునకు ఒకవైపున మాత్రమే పాట కలదు. రెండు నిమిషములైనను సాగదు. బాణీ కట్టిన జేమ్సు జేమ్సు అప్పటికి ఇంకను జీవించియే యుండెను. నేతపనివాని ఇంట పుట్టిన పాట నాలుగు పదుల ఏండ్లకు పైబడిన పిమ్మట యంత్రమున కెక్కినది. నాటి గాయని ఉచ్చారణ, ఊపిరి తీసికొను తావులు నేటికిని చెవికి వినబడును. ఏ స్వరలిపియు ఈ పనిని చేయజాలదు.

పండితులు, గాయనీగాయకులు పాడిన పాటలకు ఈ గతి పట్టగా, పల్లెపాటల మాట ఏమి? 1906లో వేల్సు జానపదగేయ సంఘము ఏర్పడెను. ఆ సంఘమువారిలో రూత్ హెర్బర్ట్ లూయీ అను విదుషీమణి ఫోనోగ్రాఫు యంత్రమును వెంటగొని, 1910 ప్రాంతమున పల్లెలకు పోయెను. ముసలివారిని పాడుమని వేడి, వారి కంఠస్వరమును మైనపు గొట్టములపై ఎక్కించెను. హోలీవెల్ అను ఊర దిక్కులేని పేదలుండు ఆశ్రమమున సైతము ఆమెకు పాటలు లభించెను. లోకము లెక్కచేయని ఒక ముదుసలి కంఠమున జాతి సంపద దాగియుండెను! ఆమె సేకరించిన పాటలు 1914లో అచ్చయ్యెను. మైనపు గొట్టములు కార్డిఫ్ చేరువనున్న సెయింట్ ఫేగన్సు చరిత్ర ప్రదర్శనశాలకు చేరినవి. మైనము మెత్తనిది. సూది నడచినప్పుడెల్ల గాడి అరుగును. అనగా వినిన కొలది పాట తరుగును. కావున అట్టివానిని ఒకమాఱు జాగ్రత్తగా వేఱొక సాధనముపైకి ఎక్కించి, మూలమును కదల్పక దాచవలెను.

నాటకములకు వచ్చిన కష్టము మఱియొక విధమైనది. 18వ శతాబ్దమున వేల్సు పల్లెలలో ‘అంటర్‌లూట్’ అను వీథినాటకములు ఆడుచుండిరి. బండియే రంగస్థలము, సంతయే ప్రేక్షకశాల. విదూషకుడు, లోభి అను పాత్రలు తఱచుగ వచ్చి జనులను నవ్వించెడివి. ధనికుల దురాశను, అధికారుల అన్యాయమును ఆ నవ్వులోనే ఎత్తిపొడిచెడివారు. వీనిని వ్రాసినవారిలో మేటి టూమ్ ఓర్ నాంట్. ఇతని అసలు పేరు థామస్ ఎడ్వర్డ్సు. కాలము 1739 మొదలు 1810 వఱకు. కలప తోలు బండ్లను నడిపి జీవించిన ఈ సామాన్యుడు తాను వ్రాసిన నాటకములలో తానే వేషము కట్టెను. నాటకముల చిన్నపుస్తకములు అచ్చై అమ్ముడుపోయెడివి. అందుచేతనే మాటలు మనకు దక్కినవి. కాని పాట వచ్చినచోట పుస్తకమున బాణీ పేరు మాత్రమే యుండును. ఆ పేరు ఎఱుగనివానికి పాట సగమే. పాత బాణీల వ్రాతపుస్తకములు వేఱొక పెట్టెలో దొరకినప్పుడు మిగిలిన సగము చేరును. ఒక పత్రము విడిచిన ఖాళీని ఇంకొక పత్రము పూరించుననుటకు ఇది మంచి నిదర్శనము.

ఇటీవలి కాలపు నాటకములలో వ్రాతయే ప్రధానము కానివియు కలవు. 1981లో ‘బ్రిత్ గోవ్’ అను నాటకసమాజము ఏర్పడెను. ఆ పేరునకు ‘మసకబాఱిన జ్ఞాపకము’ అని అర్థము. 1988లో వారు ప్రాచీన వీరకావ్యమైన ‘గొదొదిన్’ను ఆధారముగ గొని, కార్డిఫ్‌లో మూతపడిన ఒక మోటారుకార్ల కర్మాగారమున ప్రదర్శన మిచ్చిరి. వందల టన్నుల యిసుక పోసి, చెట్లు నాటి, పాడుపడిన కార్లను పేర్చి, ఆట సాగుచుండగా ఆ స్థలమును నీటితో నింపిరి. నటులు ఆ నీటిలోనే యుద్ధము నటించిరి. ఇట్టి ప్రదర్శనమును పెట్టెలో పెట్టుట ఎట్లు? నీరు ఇంకిపోవును, యిసుకను ఎత్తివేయుదురు. మిగులునవి పథకముల పటములు, ఛాయాచిత్రములు, చలనచిత్రములు, నటుల జ్ఞాపకములు. ఆ సమాజపు పత్రములు జాతీయ గ్రంథాలయమును చేరినవి. వేయి ముక్కలైన అద్దమును ముక్క ముక్క ఏఱి ఒక పళ్లెమున చేర్చినట్లు, భాండాగారపాలకులు వానిని కాపాడుచున్నారు.

చిత్రకళకు ఈ బాధ లేదనుకొందుము. పటము ఉన్నది కదా! కాని గ్వెన్ జాన్ అను చిత్రకారిణి చరిత్రము చూడుడు. ఆమె 1876లో వేల్సులోని హేవర్‌ఫర్డ్‌వెస్ట్ పట్టణమున జన్మించి, ఫ్రాన్సుదేశమున ఒంటరిగ జీవించి, 1939లో మరణించెను. జీవించినన్నాళ్లు ఆమె పేరు కొలదిమందికే తెలియును. 1976లో కార్డిఫ్ జాతీయ ప్రదర్శనశాలవారు ఆమె చిత్రశాలలో మిగిలిన 900కు పైబడిన రేఖాచిత్రములను సంపాదించిరి. ఆమె ఉత్తరములును, చేతిపుస్తకములును జాతీయ గ్రంథాలయమునకు వచ్చెను. ఒకే స్త్రీమూర్తిని, ప్రార్థనామందిరమున కూర్చున్న ఒకే మనుష్యుని ఆమె ఎన్నిమాఱులు మార్చి మార్చి గీసెనో అప్పుడు తెలిసినది. గోడపైనున్న ఒక్క పటము ఫలమును మాత్రమే చూపును. చిత్తుకాగితములు వృక్షమును చూపును.

జాన్ థామస్ అను ఛాయాగ్రాహకుని కథ మఱింత ఇంపైనది. ఆయన యౌవనమున లివర్‌పూల్ నగరమున బట్టల దుకాణమున పనిచేయుచుండెను. పిదప ప్రసిద్ధ పురుషుల ఛాయాచిత్రములు మొదలైనవి అమ్ముచు తిరుగునప్పుడు, వానిలో వేల్సువారి ముఖములు ఇంచుమించు లేకపోవుట గమనించెను. ఆ లోటు తీర్ప సంకల్పించి, 1863లో మతబోధకుల చిత్రములు తీయుట కారంభించెను. పిమ్మట బరువైన పరికరములను మోసికొని ఊరూర తిరిగి, ప్రముఖులనే గాక కూలివారిని, వృద్ధులను, బిచ్చగాండ్రను సైతము గాజుపలకలపై ఎక్కించెను. 1904లో ఓ. ఎం. ఎడ్వర్డ్సు అను పత్రికాసంపాదకుడు మూడువేలకు పైబడిన ఆ పలకలను కొని కాపాడెను. నేడవి జాతీయ గ్రంథాలయమున నున్నవి. ఎవ్వరును పటము వ్రాయింపని పేదల ముఖములు రాజుల ముఖములతో సమానముగ నిలిచినవి.

సర్ కఫిన్ విలియమ్సు అను చిత్రకారుడు ఇంకొక మార్గము త్రొక్కెను. 1865లో కొందఱు వేల్సువారు తమ భాషను నిలుపుకొనుటకై సముద్రము దాటి దక్షిణ అమెరికాలోని పటగోనియాలో స్థిరపడిరి. కఫిన్ 1968లో అచ్చటికి పోయి, వారి సంతతివారిని, వారి నేలను చిత్రించి, ఆ చిత్రములను జాతీయ గ్రంథాలయమునకు సమర్పించెను. 2006లో ఆయన మరణించినప్పుడు తన చిత్రములు పెక్కింటిని ఆ సంస్థకే చెందునట్లు వీలునామా వ్రాసియుండెను.

ఐతే కళాకారులందఱును తమ కృతులను దాచుకొందురా? గ్రేస్ విలియమ్సు అను సంగీతకర్త్రి 1906లో జన్మించి 1977లో మరణించినది. వేల్సు సంగీతమున ఆమె స్థానము ఉన్నతమైనది. తన రచనలలో తగినవి కావని తోచిన పెక్కింటిని 1951లో ఆమె తన చేతులతోనే నాశనము చేసెను. అది ఆమె హక్కు. మిగిలిన ఆమె వ్రాతప్రతులు జాతీయ గ్రంథాలయమున నున్నవి; నశించినవి ఎట్టివో ఎవ్వరును చెప్పలేరు. భాండాగారమున ఉన్నదానిని చూచి సంతోషించునప్పుడు లేనిదానిని గూర్చియు తలంపవలెను. అచ్చట నున్నది కళాసర్వస్వము కాదు. ఎవరో ఒకరు దాచవలెనని తలచినది మాత్రమే.

దాచినదానిని కాచుటయు సులభము కాదు. తేమ, ఎండ, పురుగు, అగ్ని పత్రములకు శత్రువులు. రెండవ ప్రపంచయుద్ధకాలమున వీనికి తోడు ఆకాశమునుండి బాంబులు పడెను. అప్పుడు గ్రంథాలయమువారు తాము నిలిచియున్న కొండరాతిలో సొరంగము తొలిపించి, లోపలి గాలి తేమ లేక వెచ్చగా ఉండునట్లు యంత్రములు అమర్చిరి. 1940 మొదలు 1945 వఱకు తమ వస్తువులనే గాక లండనులోని బ్రిటిషు మ్యూజియమువారి అమూల్యవస్తువులను సైతము ఆ సొరంగమున కాపాడిరి. నేడు యుద్ధభయము లేకున్నను వేఱొక చిక్కు కలదు. పాత టేపులు జిగటబాఱును. వానిని పలికించు యంత్రములు దొరకవు. కావున ధ్వనులను, దృశ్యములను కంప్యూటరులోనికి ఎక్కించుచున్నారు. రేడియో, టెలివిజను సంస్థల పాత కార్యక్రమములను ప్రజలు చూచుటకు, వినుటకు వీలుగా 2023లో ఆ గ్రంథాలయముననే జాతీయ ప్రసార భాండాగారమును తెఱచిరి.

విద్యార్థులారా! పై వృత్తాంతములలో నొక సంగతిని మీరు గమనించియుందురు. చరిత్రగ్రంథము వార్తను నిలిపెను, నాదమును నిలుపలేదు. స్వరలిపి స్వరమును నిలిపెను, వేగమును నిలుపలేదు. మైనపు గొట్టము కంఠమును నిలిపెను, ముఖమును నిలుపలేదు. గాజుపలక ముఖమును నిలిపెను, మాటను నిలుపలేదు. ఏ ఒక్క పత్రమును సంపూర్ణము కాదు. అన్నియు ఒకచోట చేరి, ఒకదానికొకటి తోడైనప్పుడే గడచిన కళ కొంతవఱకైన మనకు కానవచ్చును. వీనిని నిలిపినవారిలో రాజులు అరుదు. చెఱసాలలోని ఋణగ్రస్తుడు, నేతపనివాడు, ఆశ్రమమునందలి ముదుసలి, దుకాణపు పనివాడు, ఇట్టివారే పెక్కుమంది.

మీ యింట ఎవరైన పాత పాట పాడినచో వ్రాసియుంచుడు. వ్రాసిన కాగితముపై పాడినవారి పేరు, ఊరు, తేదీ తప్పక చేర్చుడు. పేరులేని ఛాయాచిత్రము, తేదీలేని పాట నూఱేండ్ల పిదప చూచువానికి చిక్కుముడియే యగును. ఆ మూడు ముక్కలును వ్రాయుటకు అరనిమిషము చాలును.